తొలకరికి ముందే: చెక్క ఓడల నమూనాలు కట్టేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే కోనసీమలో గాలి మారిపోతుంది. తలుపులు చట్రంలో పట్టేస్తాయి, ఉప్పు చెమ్మగిల్లుతుంది, బీరువాలో తోలు బెల్టుకి బూజు పడుతుంది. బల్ల మీద సగం కట్టి వదిలేసిన చెక్క ఓడ కూడా ఆ గాలినే పీలుస్తుంది. ఓడల నమూనాలు కట్టే మనలాంటివాళ్లకి జూన్ నుంచి నవంబర్ దాకా నడిచే ఈ ఆరు నెలలే గడ్డుకాలం. చలిదేశాలవాళ్లు తమ ఊరి పొడిగాలికి తగ్గట్టు చెప్పిన పద్ధతుల్ని గోదావరి డెల్టాలో ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే ఓడ పాడవుతుంది, ఒక్కోసారి మనిషికే దెబ్బ తగులుతుంది. అందుకే వానలు పడకముందే ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ల క్రితం ఆగస్టులో, వారం రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు, రెండు తెరచాప కొయ్యల ఓడ ఒకదానికి పక్క పలకలు అంటించాను. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియనంత బాగా కూర్చున్నాయి. ఫిబ్రవరిలో చూస్తే ముందు కొస నుంచి నడుము దాకా రెండు చోట్ల నోరు తెరిచింది. ఒక పాత శుభలేఖ అంచు పెడితే లోపలికి దూరిపోయింది. అప్పుడుగానీ కూర్చుని లెక్క వేసుకోలేదు. గాలిలో తేమ 70 శాతం ఉంటే చెక్క తన ఎండు బరువులో సుమారు 13 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. తేమ 90 శాతానికి చేరి అలాగే ఉంటే అది 20 శాతం దాకా పోతుంది. ఆ నీరు ఎక్కినప్పుడు చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, పోయినప్పుడు కుంచించుకుపోతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. టేకు చాలా చెక్కలకంటే తక్కువ కదిలే రకమే. అయినా 5 మిల్లీమీటర్ల వెడల్పు పలక ఈ మార్పుకి 0.07 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. ఒక్క పలకలో అది కంటికి ఆనదు. పక్కకి 20 పలకలుంటే మొత్తం మిల్లీమీటరు దాటుతుంది. ఆ లోటంతా జిగురు తక్కువ పట్టిన ఒకటి రెండు అతుకుల దగ్గర బయటపడుతుంది.

నిజం ఓడకి ఈ బాధ వేరుగా ఉంటుంది. నీళ్లలో దిగాక పలకలు ఉబ్బి అతుకులు ఇంకా బిగుస్తాయి. ఆ సందుల్లో ముందే నార కూరి, తారులాంటి కీలు పూస్తారు. ఒకప్పుడు ఓడలు కట్టడానికి పేరుపడ్డ మన కోరంగి రేవులో మేస్త్రులు చేసింది అదే పని. మన ఓడ ఎప్పటికీ నీళ్లలో దిగదు, దానికి గాలే నీరు. కాబట్టి పలకలు అంటించే పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మార్చి చివరికి ముగించుకోవడం మంచిది. మే నెల వడగాలుల్లో బాగా ఎండిన చెక్క అంటిస్తే దానికి ఉల్టా జరుగుతుంది. వానల్లో ఉబ్బడానికి చోటు లేక పలకలు అలల్లాగా పైకి లేస్తాయి. ఇప్పటికి సగం పలకలు పడిన ఓడ ఉంటే తొందరపడి పూర్తి చేయకండి. అంటించినంతవరకు లోపలా బయటా పల్చగా ఒక పూత వార్నిష్ వేసి, ఆరనిచ్చి, పక్కన పెట్టేయండి. బయట మాత్రమే పూసి లోపల వదిలేస్తే చెక్క ఒక వైపే నీరు తాగి వంపు తిరుగుతుంది.

చెక్క ఆరిందో లేదో మా వీధి వడ్రంగి మేస్త్రి గారు చెంపకి ఆనించుకుని చెబుతారు. నేను తీసుకెళ్లిన పనస ముక్కని అలాగే ఆనించుకుని, "ఇంకా చల్లగా తగులుతుందండీ, నీరుంది. పది రోజులు నీడలో ఉంచండి" అన్నారు. ఆయనకున్న అనుభవం మనకి లేదు కాబట్టి తూకం వేసుకుందాం. ఒక పలక ముక్కని వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. నాలుగు రోజులు వరసగా బరువు మారకపోతే ఆ చెక్క మీ గదికి అలవాటు పడినట్టే. గదిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది. అది 80 దాటిన రోజు పలకల పని ముట్టుకోకండి. ఆ రోజుల్లో కప్పీలు చెక్కుకోవచ్చు, ఫిరంగులు, నిచ్చెనలు, చిన్న పడవలు చేసుకోవచ్చు. తాళ్ల పని కూడా ఆపండి. నూలు దారం తడిగాలికి బిగుసుకుని సన్నటి కొయ్యల్ని వంచేస్తుంది. పాలిస్టర్ దారానికి ఆ గొడవ చాలా తక్కువ.

పలకల్ని వంచడానికి వేడినీళ్లలో నానబెడతాం కదా, వానాకాలంలో అక్కడే పొరపాటు జరుగుతుంది. నానిన పలకని వంపులో బిగించి, రెండు మూడు రోజులు ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే జిగురు పెట్టాలి. కొందరు ఆ నీళ్లలో అమ్మోనియా కలపమంటారు. వద్దు. చెక్క మెత్తబడటానికి ఉత్త వేడినీళ్లు చాలు, వాన పడుతుందని కిటికీలు మూసిన గదిలో ఆ ఘాటు ఊపిరితిత్తులకి హాని.

ఇక కరెంటు సంగతి. ఈ సీజన్లో అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది దీనికే. పోయినేడు చిన్న టేబుల్ రంపం మీద పట్టీలు కోస్తుంటే కరెంటు పోయింది. స్విచ్ ఆపలేదు, ప్లగ్గు తీయలేదు. బ్లేడు పక్కన ఇరుక్కున్న చెక్క పీచుని వేలితో లాగి, దీపం కోసం అటు తిరిగాను. అప్పుడే కరెంటు వచ్చింది. రంపం దానంతట అదే గిర్రున తిరిగింది. పీచు లాగడం ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే వేలు ఉండేది కాదు. అప్పటినుంచి కరెంటు పోగానే మొదట ప్లగ్గు పీకుతాను, తర్వాతే దీపం. మీరూ ఇంట్లో అందరికీ ఇది చెప్పి ఉంచండి. పనిగది లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో వానలకి ముందే ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, ఎర్తింగ్ కూడా. చెమ్మ పట్టిన సిమెంటు నేల మీద వట్టి కాళ్లతో నిలబడి మోటారు పనిముట్టు పట్టుకోవద్దు. రబ్బరు చాప వేసుకోండి, చెప్పులు వేసుకోండి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు పనిముట్లు నడిపితే మోటారు వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ వేళకి చేతి పని చేసుకోవడమే మేలు.

పనిముట్లు కొత్తగా కొనేవాళ్లు టేబుల్ రంపంతోనో, చేతిలో గిర్రున తిరిగే డ్రెమెల్ లాంటి మెషీన్‌తోనో మొదలుపెట్టకండి. మొదటి ఓడకి పిడి ఉన్న సన్నకత్తి, దానికి పది పన్నెండు బ్లేడ్లు, సన్న పళ్ల రంపం ఒకటి, వేళ్లతో తిప్పే చేతి డ్రిల్లు, 0.5 నుంచి 1.5 మిల్లీమీటర్ల బిట్లు, అరచేతిలో పట్టే చిత్రిక, రెండు మూడు ఆకురాళ్లు, స్టీలు స్కేలు, పట్టకారు, ఒక డజను బట్టల క్లిప్పులు ఉంటే చాలు. కంసాలి వాడే సన్న రంపం, పట్టకారు మనకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. నగల పనిముట్లు అమ్మే కొట్లో చేతితో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. మొండిబారిన బ్లేడు వాడుతూ ఉండటమే చేతులు తెగడానికి పెద్ద కారణం. బలం ఎక్కువ పెడతాం, జారుతుంది, రెండో చెయ్యి దారిలో ఉంటుంది. కోయడానికి బదులు చెక్కని నలుపుతోందని అనిపించిన వెంటనే బ్లేడు మార్చండి. తీసేసిన బ్లేడ్లని మూతకి చీలిక పెట్టిన డబ్బాలో వేయండి, చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తే మనిషి చెయ్యి తెగుతుంది.

టేకు పట్టీల కోసం రంపం కొనక్కర్లేదు. ఫర్నిచర్ పనివాళ్ల దగ్గర అర మిల్లీమీటరు మందం టేకు వెనీర్ (పల్చటి చెక్క పొర) తుక్కు దొరుకుతుంది. స్కేలు పెట్టి కత్తితో కోస్తే, మొదటి పలకల మీద అంటించే రెండో వరస పలకలకి అంతకంటే ఏం కావాలి? చెక్కడం పనికైతే ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర లాంటిది వెతకండి, సన్నటి పోగుతో మెత్తగా తెగుతుంది. మెషీన్ కొని తీరాలనుకుంటే కళ్లద్దాలు కూడా అదే రోజు కొనండి. సన్నటి కటింగ్ బిళ్లలు కాస్త పక్కకి వంగితే ముక్కలై ఎగురుతాయి. చున్నీ, తువ్వాలు, వదులు చొక్కా చేతులు దాని దగ్గరకి రానివ్వకండి. టేబుల్ రంపం మీద చివరి రెండు అంగుళాలు వేలితో నెట్టొద్దు, ఒక కర్రముక్కతో నెట్టండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుము రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. పని అయ్యాక చెమట తుడిచి కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. కొబ్బరినూనె చేతికి అందేదే అయినా కొన్నాళ్లకి ముక్కిపోయి జిడ్డుగా పట్టేస్తుంది. పనిముట్లనీ, కోసి ఉంచిన పట్టీలనీ మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే పొయ్యి మీద సన్నసెగన వేయించి మళ్లీ వాడొచ్చు. కాకపోతే ఆ మూకుడు వేరే ఉండాలి. నీలం రంగుకి వాడే కోబాల్ట్ మందు ఒంటికి మంచిది కాదు. తేమ పోతుందని పెట్టెలో బల్బు వెలిగించి ఉంచడం మాత్రం చేయకండి, చెక్కపొట్టు ఉన్న చోట అది నిప్పుతో ఆట.

ఫెవికాల్ వానల్లో ఆలస్యంగా ఆరుతుంది, క్లిప్పులు మర్నాటి దాకా తీయొద్దు. ఫెవిక్విక్ లాంటి జిగురు తేమకి ఇంకా త్వరగా పట్టేస్తుంది, చుట్టూ తెల్లటి మచ్చ వదులుతుంది. అది నూలు బట్ట మీద ఒలికితే ఒక్కసారిగా వేడి పుట్టి చర్మం కాలుతుంది, కాబట్టి నూలు చేతి తొడుగులు వేసుకోవద్దు. వేళ్లు అంటుకుంటే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఉంచి మెల్లగా విడదీయండి, గుంజకండి. లక్క పాలిష్, లాకర్ అనే మెరుపు పూత వాన రోజున పూస్తే పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలోని నీరు దాని మీద చేరడమే కారణం. అవిసె నూనె తుడిచిన గుడ్డల విషయంలో మరీ జాగ్రత్త. ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, లేదా ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయండి.

కిటికీలు మూసి ఉప్పుకాగితం పట్టే రోజుల్లో ఎన్95 మాస్క్ తప్పనిసరి. చెక్క ధూళిని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో నిర్ధారించింది. ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి.

చెక్కలో సన్నటి గుండ్రటి బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టినట్టు. చిన్న ముక్కలైతే గాలి చొరని కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ మూడోది కూడా దాటింది. లంక గ్రామాల్లో ఉండేవాళ్లు రెండో హెచ్చరిక దాకా ఆగకండి. ఓడ పట్టే పెట్టె ఇప్పుడే చేయించి, ఓడ అడుగుని పీటకి రెండు స్క్రూలతో బిగించి, తెరచాప కొయ్యలు ఊడదీసి పెట్టుకునే వీలుంచండి. మొదటి హెచ్చరిక వినగానే పెట్టెలో పెట్టి అటక మీదకో, మేడ ఉన్న చుట్టాలింటికో చేర్చాలి. ముందు మనుషులు, పశువులు, కాగితాలు. ఓడ ఆ తర్వాతే, అందుకే దాన్ని ముందురోజే తేల్చేసుకోవాలి. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను చూసినవాళ్లకి కిటికీ పక్కన ఏదీ ఉంచకూడదని చెప్పక్కర్లేదు.

నీళ్లు తీశాక, తుపాను వెలిశాక పెట్టె మూత వెంటనే బార్లా తెరవకండి. లోపలి పొడి చెక్కకి బయటి తడిగాలి ఒక్కసారిగా తగిలితే పలకలు లేస్తాయి. మొదటిరోజు వేలెడు సందు, మర్నాడు జానెడు, మూడో రోజున పూర్తిగా. ఎండలో మాత్రం పెట్టకండి. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉంచండి.