పాత కోళ్ల మధ్యకు కొత్త పెట్టను కలపడం ఎలా?

సంతలో కొని, కాళ్లు కట్టి తెచ్చిన పెట్టను నేరుగా పెరట్లో వదిలేస్తే పాత పెట్టలు మెడ ఈకలు రేపుకొని చుట్టుముడతాయి. జుట్టు మీద, నడినెత్తి మీద పొడుస్తాయి. సాయంత్రానికి కొత్తది ఏ కట్టెల మోపు సందులోనో దూరి తిండి మానేస్తుంది. ఎవరు ముందు మేయాలి, ఎవరు పై కర్ర మీద పడుకోవాలి అన్నదానికి కోళ్లలో ఒక వరుస ఉంటుంది. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే దాని గురించి రాశాడు. కొత్త పెట్ట రాగానే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ముందుగా మూడు వారాలు దాన్ని దూరంగా, వేరే తొట్టి, వేరే నీళ్లతో ఉంచండి. కొక్కెర తెగులు (కోళ్ల ప్రాణం తీసే అంటురోగం) సోకిన కోడిలో లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి పదిహేను రోజులు పట్టవచ్చు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరగడం కనిపిస్తే పశువైద్యుణ్ణి పిలవండి. మేత వేసేటప్పుడు పాతవాటికి ముందు, కొత్తదానికి తర్వాత. ఒకసారి తోక ఎత్తి చూడండి: ఈకల మొదళ్లలో తెల్లగా గడ్డకట్టినట్టు ఉంటే అవి పేను గుడ్లే.

ఇక అసలు పని గంపది. ఇనుప వలలు, పంజరాలు కొనేవారు కొనుక్కోవచ్చు గానీ, కోళ్లను మూసే వెదురు గంపను మించింది నాకు కనిపించలేదు. మిగతావి తిరిగే చోటే, నీడలో, కొత్త పెట్టను గంప కింద మూసి పైన రాయి పెట్టండి. లోపల నీళ్లు మరవొద్దు. గంప చుట్టూ గుప్పెడు జొన్నలు చల్లండి. మొదటి రోజు పాత పెట్టలు సందుల్లోంచి పొడవాలని చూస్తాయి. నాలుగైదు రోజులకు గంపను పట్టించుకోకుండా దాని పక్కనే గింజలు ఏరుకుంటాయి. అప్పుడు వదలండి, అంతకు ముందు వద్దు.

చీకటి పడటానికి గంట ముందు వదలడం మేలు. నూకలు ఒక్కచోట పోయకుండా వెడల్పుగా చల్లండి. నీళ్లు రెండు చోట్ల పెట్టండి. గోడకు పాత తడిక ఒకటి ఏటవాలుగా ఆనించండి. రెండు వైపులా దారి ఉంటే తరిమినా మూలకు చిక్కదు. రాత్రి చీకట్లో గూటిలో పెట్టేస్తే చాలని కొందరంటారు. చీకట్లో కోళ్లకు చూపు సరిగా ఆనదు కాబట్టి రాత్రి గొడవ ఉండదు, నిజమే. కానీ తెల్లవారగానే మూసిన గూటిలో మొదలవుతుంది. అలా పెడితే మీరే కోడికంటే ముందు లేచి తలుపు తీయాలి!

వారం పది రోజులు కాస్త తరుముకోవడం మామూలే. నెత్తురు కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయండి. ఎర్రగా కనిపించిన చోటే మిగతావన్నీ పొడుస్తాయి. పుండు మానేదాకా దాన్ని వేరుగా ఉంచండి.

మా పెరట్లో ఒక నల్ల పెట్ట ఎంతకీ ఊరుకోలేదు. కొత్తదాన్ని కాకుండా దాన్నే మూడు రోజులు గంప కింద మూశాం. బయటికి వచ్చేసరికి దాని పెద్దరికం పోయింది. కొత్త పెట్ట మాత్రం ఇంకో మూడు వారాలు గుడ్డు పెట్టలేదు. పెట్టిన మొదటి గుడ్డు తడిక వెనక దొరికింది.