గేజ్ మెడ దగ్గర బుడగలు: స్పూల్ మార్చి ఆపిన విధం

స్కూబా డైవింగ్ సిలిండర్ వాల్వ్ తెరిచి, రెగ్యులేటర్‌ను (సిలిండర్ గాలి ప్రెషర్‌ను ఊపిరికి తగ్గట్టు తగ్గించే పరికరం) నీళ్లలో ముంచితే, ప్రెషర్ గేజ్‌కి హోస్ కలిసే చోట సన్నటి బుడగల వరస. నట్ ఎంత బిగించినా ఆగదు. అక్కడ గాలిని ఆపేది మరలు కావు, లోపలి ఎయిర్ స్పూల్ అనే చిన్న పిన్. దాని రెండు చివర్లా ఒక్కో ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) ఉంటుంది, చాలా గేజ్‌లలో 003 సైజు. ప్రెషర్‌లో ఉండగా గేజ్‌ను అటూఇటూ తిప్పితే ఇవే అరుగుతాయి.

ముందు వాల్వ్ మూసి, నోట్లో పెట్టుకునే భాగం మీది పర్జ్ బటన్ నొక్కి, మిగిలిన గాలి వదిలేసి గేజ్ ముల్లును సున్నాకు తెచ్చాను. ఒక స్పానర్‌తో గేజ్ మెడను పట్టి, రెండోదానితో హోస్ నట్ విప్పాలి. గేజ్ డబ్బాను పట్టుకుని తిప్పకూడదు. పాత రింగులు తీయడానికి ఇత్తడి లేదా ప్లాస్టిక్ పుల్లే వాడాలి. ఉక్కు సూదితో గీత పడితే కొత్త రింగూ కారుతుంది. స్పూల్ మీద పచ్చటి తుప్పో గాడో కనిపిస్తే రింగులతో సరిపెట్టకండి, స్పూల్ కూడా మార్చేయండి. నా మటుకు ఎప్పుడూ రెండూ కలిపే మారుస్తాను.

సిలికాన్ గ్రీజు రింగు మెరిసేంత చాలు, ఎక్కువైతే ఇసుక పడుతుంది. ఆక్సిజన్ 40 శాతం దాటే గ్యాస్‌కి ఈ గ్రీజు పనికిరాదు, ఆక్సిజన్‌కు తగినదే పూయాలి.

నట్‌ను చేత్తో బిగించి, స్పానర్‌తో ఇంకాస్త బిగిస్తే చాలు. గేజ్ అద్దాన్ని మనుషులకు ఎదురుగా లేకుండా తిప్పి, వాల్వ్ నెమ్మదిగా తెరిచి మళ్లీ ముంచి చూడండి. బుడగలు ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) వైపు నుంచి వస్తుంటే అక్కడి రింగు వేరు: హై ప్రెషర్ పోర్టుకు (హోస్ బిగించే రంధ్రం) సాధారణంగా 012, లో ప్రెషర్‌కు 011.