బూడిద గాజు కరగకపోతే, నల్లబడితే, చెమరిస్తే

బూడిద, ఇసుక కలిపి కాచే గాజు సరిగా కరగలేదని కొలిమిలో కట్టె ఎగదోసే ముందు బూడిదను, ఇసుకను అనుమానించండి. ఐరోపాలో 12వ శతాబ్దపు గాజు పనివాళ్ళ లెక్క రెండు పాళ్ళ బీచ్ (beech) అనే అడవిచెట్టు బూడిద, ఒక పాలు ఇసుక. బరంపురం, గుణుపురం వైపు దొరికే సరుకుతో ఆ లెక్క పట్టుకుంటే వచ్చే చిక్కులివి.

ఇసుక పలుకులు మిగిలిపోయాయి

రైసుమిల్లు ఊక బూడిద వాడితే ఇంతే. అందులో నూటికి ఎనభై పైగా సిలికాయే. ఇసుకలో ఇసుక పోసినట్టే. ఇసుకను కరిగించే పొటాష్ అనే క్షారం కట్టె బూడిదలో ఉంటుంది. సరుగుడో చింతో బెరడుతో సహా కాల్చండి. వంద కిలోల ఎండు కట్టెకు కిలో అటూఇటుగా బూడిద వస్తుంది. వానకు తడిసిన బూడిద వద్దు, అందులో పొటాష్ నీళ్ళతో పోయి ఉంటుంది. మూస (గాజు కరిగించే కుండ) వేడి 1200 డిగ్రీలకు తగ్గకూడదు.

నల్లగానో ముదురాకుపచ్చగానో వచ్చింది

ఇనుము. ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ అనే ఇనుమున్న ఖనిజాలు ఉంటాయి. మోనజైట్ కూడా ఉంటుంది, దానిలో రేడియోధార్మిక థోరియం ఉంది కనుక ఆ ఇసుకను నూరనే కూడదు. దాని బదులు తెల్ల పలుగురాళ్ళు ఎర్రగా కాల్చి, దూరంగా నిలబడి నీళ్ళలో వేస్తే బీటలిస్తాయి. తడి మీదే దంచండి. ఆ పొడి దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఆరాక అయస్కాంతం తిప్పి రోకలి నుంచి రాలిన ఇనుము ఏరండి. ఇంకా మిగిలే లేతాకుపచ్చ బూడిదలోని ఇనుముది. దానికి విరుగుడు మాంగనీసు రాయి పొడి: 100 గ్రాముల ఇసుకకు అర గ్రాముతో మొదలుపెట్టండి. ఊదా తిరిగితే ఎక్కువైనట్టు. పొగ మంటలో ఇది పనిచేయదు.

గోధుమరంగు

బూడిదలో బొగ్గు మిగిలింది. జల్లించి, ఇసుకతో కలిపి, 750 డిగ్రీల దగ్గర కలియబెడుతూ కొన్ని గంటలు వేపాకే మూసలో వేయండి.

కొన్నాళ్ళకు చెమర్చి, సన్నటి నెర్రెలు వేసింది

శ్రద్ధగా చేసేవాళ్ళకే ఈ చిక్కు. తెల్లటి గాజు కోసం బూడిదను నానబెట్టి, వడగట్టి, తేటను ఇగిరిస్తే క్షారం శుభ్రంగా వస్తుంది గానీ సున్నం మడ్డిలో ఉండిపోతుంది. సున్నం చాలని గాజులోంచి గాలిలోని తేమ క్షారాన్ని లాగేస్తుంది. 15వ శతాబ్దంలో మొదలైన వెనిస్ ‘క్రిస్టాలో’ అనే తేట గాజుకూ ఇదే తెగులు పట్టింది. రోమన్ల కాలంలో మాత్రం పాలస్తీనా తీరపు ఇసుకలోని గవ్వల పొడి ఆ లోటు తీర్చింది. ఇక్కడ గుల్లసున్నం ఆ పని చేస్తుంది: 100 గ్రాముల ఇసుకకు 38–40 గ్రాముల క్షారం, నీళ్ళు చల్లి విరిసిన సున్నం 15–19 గ్రాములు. మరీ మించితే చల్లారేటప్పుడు స్ఫటికాలు కట్టి మసకబారుతుంది.

పైన తెల్లటి తెట్టు

గాజులో కలవని క్లోరైడ్లు, సల్ఫేట్లు. ఇనుప గరిటెతో తీసేయండి. గరిటె ముందే వేడిచేసి ఉండాలి. తడి తగిలితే కరిగిన ఉప్పు మొహం మీదకు చిమ్ముతుంది.