స్ప్లైసింగ్ దారి తప్పిందా? ఎక్కడ వెతకాలి

జన్యువు నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లనే ముక్కల్ని కోసి తీసేసి, మిగిలిన ఎక్సాన్లను అతికించడమే స్ప్లైసింగ్. ఇంట్రాన్ మొదట జీయూ, చివర ఏజీ అనే అక్షరాలుంటాయి. పాఠంలో చదివేది ఇంతే. పొడవాటి ఇంట్రాన్‌లో ఈ జంటక్షరాలు వందలచోట్ల కనిపిస్తాయి. వాటిలో అసలుది ఏదో కణం తేల్చుకునేది ప్రొటీన్లు, చిన్న ఆర్‌ఎన్‌ఏల సాయంతోనే. కాబట్టి ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి పెంచి చూసే పరీక్ష) జెల్‌లో అనుకోని బ్యాండ్, అంటే అనుకోని పొడవున్న ముక్క గీత, వస్తే ఇంట్రాన్ అంచుల్లోని జీయూ, ఏజీలు చూసి ఊరుకోకండి.

సమస్య: బ్యాండ్ పెద్దది
ముందు డీఎన్‌ఏ కలిసిందేమో చూడండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని కంట్రోల్‌లోనూ అదే బ్యాండ్ ఉంటే స్ప్లైసింగ్‌కు ఏ పాపమూ తెలియదు. డీఎన్‌ఏను నాశనం చేసే డీఎన్‌ఏస్ ఎంజైమ్‌తో శుభ్రం చేసి మళ్లీ చేయండి. కంట్రోల్ ఖాళీగా ఉంటేనే ఇంట్రాన్ మిగిలిపోయిందని అనుమానించాలి.

సమస్య: బ్యాండ్ చిన్నది, అంచులు మాత్రం చెక్కుచెదరలేదు
ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. వెన్నెముక కండరాల క్షీణత (ఎస్‌ఎంఏ) జబ్బుతో ముడిపడిన ఎస్‌ఎంఎన్2 జన్యువునే చూడండి. ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం సీ బదులు టీ. అమైనో ఆమ్లం మారదు, అందుకే చూడ్డానికి ‘నిశ్శబ్ద’ మార్పు. అయినా 54 అక్షరాల ఆ ఎక్సాన్ చాలా ఆర్‌ఎన్‌ఏల్లో ఎగిరిపోతుంది. ఎక్సాన్‌ను ఉంచమనే ప్రొటీన్ ఎస్‌ఆర్‌ఎస్‌ఎఫ్1కు అక్కడ పట్టు పోయింది, వద్దనే ప్రొటీన్ హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ ఏ1కు పట్టు దొరికింది. సాయం చేసేవాడు తప్పుకుంటే ఇంట్రాన్ అంచుల్ని గుర్తుపట్టే యూ1, యూ2ఏఎఫ్ లాంటివి ఆ బలహీనమైన అంచుల మీద నిలదొక్కుకోలేవు.

పరిష్కారం: ఆ ఎక్సాన్‌ను, అటూ ఇటూ ఇంట్రాన్ ముక్కలతో మినీజీన్‌లో (కణంలో పరీక్షించడానికి కట్టిన చిన్న జన్యువు) పెట్టి, మారిన అక్షరాన్ని తిరిగి సీ చేయండి. ఎక్సాన్ ఉన్న పెద్ద బ్యాండ్ పెరిగిందంటే దోషి దొరికినట్టే. ఎస్‌ఆర్‌ఎస్‌ఎఫ్1ను ఊరికే ఎక్కువ చేసి చూడటం నాకు నచ్చదు, అది ఇంకెన్నో జన్యువుల్ని కదిలిస్తుంది. మందుగా అయితే, 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్ పక్క ఇంట్రాన్‌లోని అణచివేత స్థలాన్ని కప్పేసి, ఎక్సాన్‌ను తిరిగి నిలబెడుతుంది.

సమస్య: బ్యాండ్ సరిగ్గానే ఉంది, ప్రొటీన్ మాత్రం రావట్లేదు
10–30 అక్షరాల తేడా మామూలు జెల్‌లో సులభంగా కంటపడదు. స్ప్లైసింగ్ యంత్రాంగంలోని ప్రొటీన్ ఎస్‌ఎఫ్3బీ1లో కే700ఈ (700వ అమైనో ఆమ్లం మారడం) లాంటి మార్పు ఉంటే, అసలు ఏజీకి కాస్త పైనున్న దొంగ ఏజీ దగ్గరే కోత పడుతుంది. రీడింగ్ ఫ్రేమ్ జరిగితే మధ్యలోనే స్టాప్ వచ్చి, ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోవచ్చు. బ్యాండ్‌ను కోసి సీక్వెన్స్ చేయించండి. తేడా మీ ఒక్క జన్యువులోనే కాకుండా చాలాచోట్ల కనిపిస్తే, ఆ జన్యువును వదిలి ఎస్‌ఎఫ్3బీ1ను చదివించండి.