కారు వారంటీ పొడిగించుకోవాలా? ముందు ఆ కాగితం వెనక్కి తిప్పండి

మా అక్క కొడుకు చెన్నైలోని షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తాడు. పోయిన నెల కారు కొన్నాడు. డెలివరీకి ముందురోజు సాయంత్రం షోరూము నుంచి నాకు ఫోను చేశాడు.

"పిన్నీ, మూడేళ్ల వారంటీని ఐదేళ్లకు పొడిగించుకోమంటున్నారు. 18 వేలు. లోనులోనే కలిపేస్తారట. సరేననమంటావా?"

"ఈరోజు ఏమీ చెప్పకు నాన్నా. షరతుల కాగితాలన్నీ ఫొటో తీసి పంపించు" అన్నాను.

నేను మడిపాక్కంలో ఉంటాను, ఒక ఆడిటరు దగ్గర లెక్కలు చూస్తాను. ఊరివాళ్ల లెక్కలన్నీ చదివే నేను నా మొదటి కారు వారంటీ కాగితం చదవక 34 వేలు పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఆ రాత్రి మేమిద్దరం వేసుకున్న లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట తొందర సంగతి. డెలివరీ రోజున మనసు తాళం చెవి మీద ఉంటుంది, ఎదుటివారు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాం. నిజానికి చాలా కంపెనీలు అసలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా పొడిగించుకోనిస్తాయి. కారు వయసు పెరిగేకొద్దీ ధర మెట్లుమెట్లుగా పెరుగుతుంది, అంతే. కాబట్టి "ఏ తేదీ వరకు ఇదే ధర?" అని అడిగి, జవాబు రాయించుకుని ఇంటికి రండి.

లోనులో కలపడానికి మాత్రం ఒప్పుకోకండి. 18 వేలను 9 శాతం వడ్డీతో ఏడేళ్ల లోనులో కలిపితే, చివరికి మీరు కట్టేది సుమారు 24,300 రూపాయలు. వారంటీ ఐదో ఏట ముగుస్తుంది, దాని వాయిదా ఏడో ఏడు దాకా నడుస్తుంది. చేతి నుంచి కట్టలేకపోతే ఆగండి, కొన్ని నెలలు కూడబెట్టి కట్టండి.

తరువాత మీ కారు ఏడాదికి ఎంత తిరుగుతుందో చూసుకోండి. ఈ లెక్క వేయకుండానే చాలామంది డబ్బు కడుతున్నారు. వారంటీకి ఏళ్లూ కిలోమీటర్లూ రెండూ హద్దులే. ఏది ముందు దాటితే అక్కడితో సరి. మావాడి భార్య నెల్లూరులో పనిచేస్తుంది. ప్రతి వారం వెళ్లివస్తాడు, రానుపోను దాదాపు 400 కిలోమీటర్లు. ఏడాదికి 50 వారాలు అనుకుంటే 20 వేలు, ఆఫీసుకూ ఇతర పనులకూ మరో 6 వేలు. మూడేళ్లకే 78 వేల కిలోమీటర్లు తిరుగుతాడు. అతనికి చూపిన పథకం ఐదేళ్లు లేదా లక్షా 20 వేల కిలోమీటర్లు. మిగిలే 42 వేలు 19 నెలల్లో అయిపోతాయి. రెండేళ్లకని డబ్బు కట్టి ఐదు నెలలు వదులుకోవడమే కదా! నా కారు ఏడాదికి 9 వేలు కూడా తిరగదు. నాకు కిలోమీటర్ల గొడవ లేదు, కాలమే హద్దు. ఒకే పథకం ఇద్దరికీ ఒకే విలువ చేయదు.

ఇక కాగితం వెనక్కి తిప్పండి. ముందువైపు ఇంజిన్, గేరుబాక్సు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మీకు పనికొచ్చేది వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న "వర్తించనివి" అనే జాబితా. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిలు, అంటే వాడకంతో అరిగేవీ తరిగేవీ దాదాపు ఏ పథకంలోనూ ఉండవు. క్లచ్ ప్లేటూ ఈ కోవలోదే. మావాడిది టర్బో ఇంజిన్, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు. మెట్రో పనులతో పాత మహాబలిపురం రోడ్డు మీద కార్లు అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఆ క్లచ్‌లు సగం పట్టి సగం వదులుతూ వేడెక్కుతాయి. వాటిని అరుగుదల కింద లెక్కేస్తారా, గేరుబాక్సులో భాగం అంటారా? ఈ ఒక్క ప్రశ్నకు ఈమెయిలులో జవాబు తెప్పించుకున్నాడు. తుప్పు గురించి కూడా అడగండి. మనది సముద్రపు గాలి తగిలే ఊరు, తుప్పును చాలా పథకాలు బయటే పెడతాయి.

కాగితం మీద ఎవరి పేరుందో కూడా చూడండి. కారు తయారుచేసిన కంపెనీ పేరుంటే సాధారణంగా దేశంలో వారి ఏ సర్వీసు కేంద్రంలోనైనా చెల్లుతుంది. డీలరో మరో సంస్థో ఇచ్చేదైతే, నెల్లూరులో కారు ఆగిపోయినప్పుడు అక్కడే బాగుచేస్తారా, చెన్నైకి లాక్కురమ్మంటారా అని ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు నా 34 వేల సంగతి. నా మొదటి కారుకు నాలుగో, ఐదో ఏళ్ల కోసం 13,800 కట్టి వారంటీ పొడిగించుకున్నాను. నాలుగో ఏట మే నెలలో, కత్తిరి ఎండల్లో, ఏసీ కంప్రెసర్ పోయింది. వారంటీ ఉందన్న ధైర్యంతో సర్వీసు కేంద్రానికి వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో మూడో ఏటి సర్వీసు నమోదు కాలేదు. ఆ ఒక్కసారి ఇంటి దగ్గరి మెకానిక్ చేత చేయించి రెండు వేలు మిగుల్చుకున్నాను. మనిషి నమ్మకస్థుడు, పనిలో లోపం లేదు. కానీ ప్రతి సర్వీసూ కంపెనీ చెప్పిన గడువులో, వారి కేంద్రంలోనే జరగాలని షరతుల నాలుగో పేజీలో ఉంది, దాని కింద నా సంతకమూ ఉంది. వారంటీ చెల్లదన్నారు. రెండుసార్లు ఉత్తరం రాసినా అదే జవాబు. ఆ 34 వేలు నా చేతి నుంచే పోయాయి. అమ్మేటప్పుడు ఆ షరతు నాకు చదివి వినిపించి ఉండాల్సిందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. మీరు మాత్రం ఎవరూ చదివి వినిపిస్తారని ఎదురుచూడకండి. కారు తక్కువ తిరిగినా ఏడాది నిండగానే సర్వీసు చేయించండి, బిల్లు దాచండి. బయట కొన్న లైట్లో హారన్లో బిగించడానికి వైర్లు కోయనివ్వకండి, విద్యుత్ భాగాల క్లెయిము తిరస్కరించడానికి అదొక్కటి చాలు. అంతా సరిగా ఉండీ కాదంటే, కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా మొదట అక్కరకొచ్చేది ఆ కాగితమే.

చెన్నైలో కారున్నవారి అసలు భయం వేరే ఉంది: నీళ్లు. 2015 డిసెంబరు వరదలు చూశాం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా ఊరిని ముంచి వెళ్లింది. వాన హెచ్చరిక వస్తే జనం కార్లు తెచ్చి వేళచ్చేరి వంతెన మీద వరుసగా నిలిపేది అందుకే. ఈ భయంతో వారంటీ పొడిగించుకుంటున్నామని చెప్పినవారిని నేను చూశాను. దయచేసి వినండి, వరద నష్టం వారంటీలోకి రాదు. వారంటీ తయారీ లోపానికి, వరదకు బీమా. మామూలు సమగ్ర బీమా ఉన్నా, నీళ్లలో స్టార్టు చేసి ఇంజిన్ పాడైతే, అదనంగా ఇంజిన్ రక్షణ తీసుకోనివారికి ఆ ఖర్చు దక్కడం కష్టం. గాలి వెళ్లే దారిలో నీరు చేరితే సిలిండరులో అది నలగదు, పిస్టన్‌ను కలిపే కడ్డీ వంగుతుంది. కాబట్టి మునిగిన కారుకు తాళం తిప్పకండి, లాగించండి. డబ్బు ఒక్కదానికే ఉంటే, పల్లంలో ఉన్నవారు ముందు ఇంజిన్ రక్షణే తీసుకోవాలని నా మాట.

విద్యుత్ కారైతే బ్యాటరీకి సాధారణంగా ఎనిమిదేళ్ల వారంటీ విడిగా ఉంటుంది. పొడిగింపు మిగతా భాగాలకే అని గుర్తుంచుకుని ధర చూడండి.

ఇక కట్టాలా, వద్దా? మూడేళ్లకే అమ్మేసే ఆలోచన ఉంటే వద్దు. ఏళ్ల తరబడి మార్కెట్లో నలిగిన మామూలు పెట్రోలు ఇంజిన్, చేతి గేర్లు, తక్కువ తిరుగుడు అయితే ఆ 18 వేలు విడిగా బ్యాంకులో వేసుకోవడమే మేలు, ఏమీ పాడవకపోతే డబ్బు మీదే. టర్బో, ఆటోమేటిక్ గేరుబాక్సు, పెద్ద తెర, కెమెరాలు, సెన్సర్లు ఉన్న కారును ఐదారేళ్లు ఉంచుకుంటామంటే పొడిగింపు వైపే మొగ్గుతాను. ఎందుకంటే అందులో ఒక్క భాగం పోయినా కట్టిన సొమ్ముకు మూడు నాలుగు రెట్ల బిల్లు వస్తుంది. ఒక్కసారిగా 60 వేల బిల్లు వస్తే అప్పు చేయకుండా కట్టగలరా అని మిమ్మల్ని మీరు అడిగి చూడండి. కట్టలేని ఇంటికి పొడిగింపు అవసరం.

అంత బిల్లు కట్టలేనన్నాడు మావాడు. అయితే రెండేళ్లకు కాక, నాలుగో ఏడు ఒక్కదానికి 9,500 పథకం ఉందని కాగితాల్లో కనిపించింది. నాలుగో ఏడు ముగిసేసరికి అతని కారు లక్షా 4 వేలు తిరుగుతుంది, హద్దు లోపలే. మొదటి ఏడాది లోపు ఎప్పుడు కట్టినా ఇదే ధర అని రాయించుకున్నాడు, సంక్రాంతి బోనసుతో కడతాడు. బీమాలో ఇంజిన్ రక్షణ ఆ రోజే చేర్పించాడు. కారు పూజకు వెళ్లినప్పుడు నేను కొబ్బరికాయతో పాటు ఒక ప్లాస్టిక్ ఫైలు తీసుకెళ్లాను. మొదటి సర్వీసు బిల్లు అందులో పెట్టాక ఫొటో తీసి పంపమన్నాను.