ఫెన్వే పార్కులో గేమ్: న్యూజెర్సీ నుంచి కారులో వెళ్లేవాళ్లకి

బోస్టన్‌లోని బేస్‌బాల్ స్టేడియం ఫెన్వే పార్కు 1912 ఏప్రిల్ 20న తెరుచుకుంది. మేజర్ లీగ్ (అమెరికాలో బేస్‌బాల్ పైస్థాయి లీగ్) ఆటలు ఇంకా నడుస్తున్న స్టేడియాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ కూడా దీనికన్నా రెండేళ్లు చిన్నది. ఇంత పాత కట్టడం కాబట్టి కొత్త స్టేడియాల్లో పనికొచ్చే లెక్కలు ఇక్కడ పనికిరావు. డబ్బు ఎక్కువ పెడితే మంచి సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు, పక్కనే పెద్ద పార్కింగ్ లాటూ ఉండదు. సీటు, కారు ముందే తేల్చుకుంటే మిగతాదంతా సులువు.

సీటు

పైకప్పు కింద ఉండే గ్రాండ్‌స్టాండ్‌లో కప్పును ఇనుప స్తంభాలు మోస్తాయి. సరిగ్గా మీ ముందు స్తంభం వస్తే ఆటంతా బంతి వేసే పిచ్చరో, కొట్టే బ్యాటరో, ఎవరో ఒకరే కనిపిస్తారు. అలాంటి చాలా టికెట్ల మీద ‘ఆబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని రాసి ఉంటుంది. ధర తక్కువగా ఉందని తొందరపడి నొక్కకండి, ఆ మాట ఉందేమో చూడండి. వెనక వరుసలకి వెళ్లేకొద్దీ అడ్డొచ్చే స్తంభాలు పెరుగుతాయి. మొదటి వరుసకి స్తంభం బెడద తక్కువే గానీ, ముందు నడవలో జనం తిరుగుతూనే ఉంటారు.

కుడి వైపు చివర, అంటే 1 నుంచి సుమారు 10వ సెక్షన్ వరకు, ఇంకో చిక్కుంది. కుర్చీలు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వైపు కాకుండా మైదానం మధ్యకి తిరిగి ఉంటాయి. మూడు గంటలు మెడ తిప్పి చూడాలి. పైగా గ్రాండ్‌స్టాండ్‌వి 1930ల నాటి నీలిరంగు చెక్క కుర్చీలు. ఇరుకు, మోకాళ్లకి చోటు తక్కువ. పొడుగు మనిషిని నడవ పక్కన కూర్చోబెట్టండి.

నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే మా ఓటు రెండింటికే. కాస్త ఖర్చు పెట్టగలిగితే హోమ్ ప్లేట్‌కీ, అక్కణ్నుంచి చూస్తే ఎడమ వైపుండే మూడో బేస్‌కీ మధ్య గ్రాండ్‌స్టాండ్‌లో ముందు వరుసలు: సాయంత్రం నీడ ముందుగా అటే పడుతుంది. పొదుపు కావాలంటే మైదానం అవతలి చివర 34 నుంచి 43వ సెక్షన్ వరకు ఉన్న బ్లీచర్లు. అక్కడ స్తంభాల్లేవు, సరదా ఎక్కువ. కాకపోతే కప్పు లేదు, మధ్యాహ్నం ఆటలో ఎండ నేరుగా కళ్లలోకి కొడుతుంది. టోపీ, సన్‌స్క్రీన్ తప్పవు. న్యూయార్క్ జట్టు యాంకీస్ వచ్చే రోజుల్లో ధరలు మండిపోతాయి. ఏప్రిల్, మే వారాంతం కాని రోజుల్లో బాగా తగ్గుతాయి, కానీ ఏప్రిల్ రాత్రి బోస్టన్‌లో చలి గట్టిగానే ఉంటుంది, జాకెట్ ఉండాలి.

టికెట్లు ఫోన్‌లోనే వస్తాయి. నాలుగూ ఒకరి ఫోన్‌లో పెట్టుకుంటే, ఒకరు వెనకబడగానే అందరూ గేటు దగ్గర ఆగిపోతారు. ముందు రోజే ఎవరిది వాళ్లకి ‘బాల్‌పార్క్’ యాప్‌లో పంపేయండి.

కారు

ఎడిసన్ వైపు నుంచి సుమారు 240 మైళ్లు. ఐ-95 మీద కనెక్టికట్ తీరం వెంట వెళ్తే ట్రాఫిక్‌లో నలిగిపోతారు. ఐ-287 మీద కువోమో బ్రిడ్జి దాటి, ఐ-684, ఐ-84 మీదుగా వెళ్లి స్టర్‌బ్రిడ్జ్ దగ్గర ఐ-90 ఎక్కండి. ఈ దారిలోనూ వాటర్‌బరీ, హార్ట్‌ఫర్డ్ దగ్గర ఆగుతుంది గానీ నయం. ఐ-90లో టోల్ బూత్‌లు లేవు, కెమెరాలే. అద్దె కారైతే మీ ఈజీపాస్‌కి ఆ నంబరు జోడించుకోండి, లేకపోతే టోల్ మీద కంపెనీ రుసుము కూడా పడుతుంది.

కారుని స్టేడియం దాకా తీసుకెళ్లకండి. ఆ చుట్టుపక్కల లాట్లలో 50 డాలర్లు అడిగినా ఆశ్చర్యం లేదు. పైగా చాలాచోట్ల ఒక కారు వెనక ఇంకోటి పెట్టించేస్తారు, వెనకవాడు వచ్చి తీసేదాకా మీరు కదల్లేరు. ఐ-90 నుంచి ఐ-95 దక్షిణానికి మళ్లి, గ్రోవ్ స్ట్రీట్ దగ్గర దిగితే రివర్‌సైడ్ స్టేషన్ వస్తుంది. అక్కడ పెద్ద లాటు ఉంది. బోస్టన్ మెట్రో గ్రీన్ లైన్‌లో డి రైలుకి అదే మొదటి స్టేషను కాబట్టి సీటూ దొరుకుతుంది. సుమారు 40 నిమిషాల్లో స్టేడియం దగ్గరి కెన్‌మోర్ స్టేషన్‌లో దిగి, జనం వెంట నడిస్తే చాలు. గ్రీన్ లైన్‌లో అప్పుడప్పుడు మరమ్మతులకి రైళ్లు ఆపేస్తుంటారు, బయల్దేరే ముందు రోజు చూసుకోండి.

ఉదాహరణకి ఆట సాయంత్రం 4:10కి అనుకుందాం. గేట్లు గంటన్నర ముందు తెరుస్తారు. మధ్యలో తిండికీ ట్రాఫిక్‌కీ కలిపి ఉదయం 7కల్లా ఇంటి నుంచి కదలాలి. పులిహోర డబ్బాలు తెచ్చుకుంటే ఐ-90 మీద చార్ల్‌టన్ ప్లాజాలోనే ఖాళీ చేసేయండి. బ్యాక్‌ప్యాక్‌లు లోపలికి రానివ్వరు, కారులోనే వదిలేయాలి. లోపల నగదు చెల్లదు, కార్డు ఉంచుకోండి. హాట్‌డాగ్ అనగానే బీఫ్ అనుకోండి. క్లామ్ చౌడర్‌లో గవ్వచేప మాంసం ఉంటుంది. శాకాహారులకి పిజ్జా, ఫ్రైస్, పాప్‌కార్న్, వేరుశెనగలు.

లోపల

గేటు తెరవగానే వెళ్తే ఆ మొదటి గంటే స్టేడియం చూడ్డానికి మంచి సమయం. ఎడమ వైపు ఆకుపచ్చ గోడ, ‘గ్రీన్ మాన్‌స్టర్’, 37 అడుగుల 2 అంగుళాల ఎత్తు. హోమ్ ప్లేట్ నుంచి 310 అడుగులే. దూరం తక్కువ, ఎత్తు ఎక్కువ: వేరేచోట క్యాచ్ అయ్యే బంతి ఇక్కడ గోడకి తగిలి కింద పడుతుంది, నేరుగా దూసుకెళ్లి హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కావాల్సిందీ గోడకి తగిలి ఆగిపోతుంది. గోడ అడుగున ఉన్న స్కోర్‌బోర్డులో అంకెల పలకల్ని ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు.

తర్వాత బ్లీచర్లలో 42వ సెక్షన్, 37వ వరుస, 21వ సీటుకి వెళ్లండి. ఆకుపచ్చ సీట్ల మధ్య అదొక్కటే ఎరుపు. 1946 జూన్ 9న ఇక్కడి జట్టు రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్ కొట్టిన 502 అడుగుల బంతి పడిన చోటు అది. ఆట మొదలయ్యాక అక్కడికి ఫొటోకి వెళ్తే సీటున్న వాళ్లతో గొడవే.

క్రికెట్ అలవాటున్న వాళ్లకి రెండు ముక్కలు. స్టాండ్‌లోకి వచ్చిన బంతి మీదే, తిరిగివ్వక్కర్లేదు. కానీ గోడ మీంచి మైదానంలోకి చెయ్యి చాపి ఆడుతున్న బంతిని తాకితే బయటికి పంపేస్తారు. డ్రా ఉండదు. 9 ఇన్నింగ్స్‌కి (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేసే విడత) స్కోరు సమమైతే తేలేదాకా ఆడతారు. 8వ ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియం అంతా కలిసి ఒక పాట పాడుతుంది. ఇళ్లకి పరుగెత్తాలనుకున్నా అది అయ్యాకే లేవండి.

తిరుగు రైలుకి కెన్‌మోర్ కిటకిటలాడుతుందని ఫెన్వే స్టేషన్‌కి నడిచే ఆలోచన వస్తుంది. రివర్‌సైడ్ వెళ్లే రైలు కెన్‌మోర్‌లోనే నిండి తర్వాత ఫెన్వేకి వస్తుంది కాబట్టి లాభం లేదు. కెన్‌మోర్‌లోనే ‘డి’ అని రాసున్న రైలు చూసి ఎక్కండి. బి, సి రైళ్లు రివర్‌సైడ్ వెళ్లవు. రాత్రి ఆటైతే డ్రైవింగ్ మరుసటి రోజుకి పెట్టుకుని, ఫ్రేమింగ్‌హామ్ వైపు గది తీసుకోండి. వానతో ఆట వాయిదా పడితే టికెట్ కొత్త తేదీకే చెల్లుతుంది, దూరం నుంచి వచ్చిన వాళ్లకి అది దండగే. అందుకే శనివారం గేమ్ కొని, ఆదివారం ఖాళీ ఉంచుకోవడం మంచిది.