మామిడికాయ పప్పు పలుకుగా మిగిలిపోతోందా? ముందు చూడవలసినవి

మామిడికాయ పప్పును మొదటిసారి వండినవారు చెప్పే ఇబ్బంది దాదాపు ఎప్పుడూ ఒకటే. నాలుగు విజిల్స్ వచ్చాక మూత తీస్తే పచ్చని నీళ్లు పైకి తేరుకుని ఉంటాయి, బద్దలు అడుగున దేనికది విడిగా ఉంటాయి, పప్పుగుత్తితో ఎంత మెదిపినా పలుకు పోదు. అప్పుడు చాలామంది మరో నాలుగు విజిల్స్ రానిస్తారు, అప్పటికీ మెత్తబడకపోతే పప్పు పాతదని దుకాణదారును తప్పుపడతారు. ఈ రెండింటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది.

మామిడికాయ ముక్కలను పప్పుతో పాటే వేశారా?

కందిబద్దలోని కణాలను పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగినప్పుడే బద్ద విచ్చుకుని ముద్దవుతుంది. పులుపు తగిలిన నీటిలో ఆ కరగడం బాగా మందగిస్తుంది. కలిపి వండే ఇళ్లు ఉన్నాయి, కొత్త పప్పు, మంచి నీళ్లు, పులుపు తక్కువ ఉన్న కాయ అయితే అక్కడ ఉడుకుతుంది కూడా. మొదటిసారి వండేవారు మాత్రం ఆ సాహసం చేయవద్దు. ముక్కలను చిన్న గిన్నెలో వేసి, అదే కుక్కరులో పప్పు గిన్నె మీద పెట్టండి, లేదా మూకుట్లో విడిగా ఉడికించి, పప్పు మెత్తగా మెదిపిన తరువాత కలపండి. ఉప్పు కూడా అప్పుడే వేయవచ్చు, అయితే పప్పు ఉడకనప్పుడు జనం ఉప్పు మీద వేసే నింద చాలావరకు అన్యాయం. అసలు దోషం పులుపుదే.

ముక్కలు వేయకముందే పప్పు పలుకుగా ఉంటే కుక్కరు అంచును గమనించండి. ఆవిరి మూత పక్కనుంచి పోతుంటే రబ్బరు గట్టిపడిందని అర్థం, దాన్ని మార్చాలి. విజిల్‌తో పాటు పసుపు నురుగు చిమ్ముతుంటే గిన్నె సగానికి మించి నిండి ఉంటుంది. పప్పు తగ్గించి, నాలుగు చుక్కల నూనె వేస్తే నురుగు అణుగుతుంది.

అన్నీ సరిగానే ఉన్నా ఉడకడం లేదా? నీళ్లను అనుమానించండి

నన్ను ఎక్కువకాలం తిప్పలు పెట్టిన కారణం ఇదే. ఇల్లు మారిన కొత్తలో, అంతకుముందు వారం వరకు వెన్నలా ఉడికిన అదే డబ్బాలోని పప్పు, అదే కుక్కరులో, ఉన్నట్టుండి ఉడకడం మానేసింది. రబ్బరు మార్చాను, వేరే చోట పప్పు కొన్నాను, మంట పెంచి చూశాను. అదే కుళాయి నీళ్లతో అన్నం మల్లెపూవులా ఉడుకుతుండటంతో నీళ్ల మీదికి నా ఆలోచనే పోలేదు. పల్లెల్లో పెద్దవాళ్లు బావుల గురించి మాట్లాడేటప్పుడు ‘ఆ నీళ్లకు పప్పు ఉడకదు’ అనడం చిన్నప్పటినుంచి విన్నదే, అయినా అది నా వంటింటి సంగతి అని తట్టడానికి చాలా రోజులు పట్టింది.

కొత్త ఇంట్లో కుళాయికి వచ్చేవి బోరు నీళ్లు. అటువంటి నీటిలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం బద్దలోని పెక్టిన్‌ను పట్టుకుని దాన్ని మరింత బిగిస్తాయి, అందువల్ల ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద నడుమ తెల్లని పలుకు మిగిలిపోతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత్వం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియంల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, మరో నీటి వనరు లేని చోట 600 వరకు అనుమతిస్తారు. కాబట్టి తాగడానికి అనుమతి ఉన్న నీళ్లన్నీ పప్పుకు అనుకూలమని అనుకోకూడదు.

నిర్ధారించుకోవడం తేలిక. రెండు చిన్న గిన్నెల్లో పిడికెడు పిడికెడు పప్పు తీసుకుని, ఒకదానిలో కుళాయి నీళ్లు, రెండోదానిలో ఆర్వో నీళ్లు పోసి, ఒకే కుక్కరులో ఒకేసారి ఉడికించండి. తరువాత ఒక్కొక్క బద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. ఆర్వో నీళ్లలోది వేలికి పేస్టులా అంటుకుంటుంది. బోరు నీళ్లలోది రెండుగా విరిగి, లోపల ఇసుక రేణువంత గట్టిదనం వేలికి తగులుతుంది.

నేను రెండోసారి మోసపోయినది ఈ పరీక్ష తరువాతే. వండే నీళ్లు మార్చాను గాని, అరగంట నానబెట్టడానికి మాత్రం అలవాటుగా కుళాయి నీళ్లే పట్టాను. నానే సమయంలో బద్ద పీల్చుకునేది ఆ నీళ్లనే కాబట్టి, కుక్కరులో మంచి నీళ్లు పోసినా ఫలితం సగమే దక్కింది. కడగడానికి కుళాయి నీళ్లు చాలు, నానబెట్టడానికీ ఉడికించడానికీ మాత్రం ఆర్వో నీళ్లే వాడండి. పటిక మురికిని దించుతుంది, కఠినత్వాన్ని దించదు. యూవీ దీపం ఒక్కటే ఉన్న యంత్రం క్రిములను చంపుతుంది, కాల్షియాన్ని తీయదు. నీటిని మరిగించి తేర్చితే కొంత కఠినత్వమే పోతుంది. వేరే నీళ్లు దొరకనప్పుడు గ్లాసు పప్పుకు చిటికెలో సగం వంటసోడా వేయవచ్చు. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది, పప్పులోని బి1 విటమిన్ కూడా నష్టపోతుంది.

పప్పు నిజంగానే పాతదైన సందర్భాలు లేకపోలేదు. ఏడాదికి పైగా వేడిలో, తేమలో నిలువ ఉన్న పప్పు మంచి నీళ్లలో కూడా మొండికేస్తుంది. పై పరీక్షలో రెండు గిన్నెలూ గట్టిగానే మిగిలితే అప్పుడు దాన్ని మార్చండి.

ముక్కలు కలిపేసిన తరువాత పలుకు బయటపడితే, ముందు గరిటెతో ముక్కలన్నిటినీ ఏరి పక్కన పెట్టి, పుల్లని నీళ్లను వంచి దాచుకోండి. బద్దల్లో వేడి ఆర్వో నీళ్లు పోసి మరో మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. ముక్కలు అందులోనే ఉండగా సోడా వేస్తే పులుపుతో కలిసి పొంగి విరిగిపోతుంది, బద్దకు ఉపయోగపడదు. బద్ద మెదిగాక ముక్కలు, దాచిన నీళ్లు కలిపి ఒక ఉడుకు రానిచ్చి తాలింపు పెట్టండి.